మొదటి ఆకు, తుది ఆకు: గోదావరీ మండలమున కవిచరిత్రాన్వేషణము

తెలుగు కవి తన్ను గూర్చి చెప్పుకొను తావులు ముఖ్యముగా రెండు. ఒకటి గ్రంథాదిని ఉండు అవతారిక. రెండవది ఆశ్వాసాంతమున ఉండు గద్య. ఇష్టదేవతాస్తుతియు, పూర్వకవిస్తుతియు, కుకవినిందయు ముగిసిన పిమ్మట కవి తన వంశమును, గురువును, కృతిపతిని, అతని వంశమును వర్ణించును. గద్యమున తన తండ్రి పేరును, బిరుదమును, గ్రంథనామమును చెప్పి విరమించును. వీనికి తోడు, ప్రతి వ్రాసిన లేఖకుడు కడపట ఒకటి రెండు మాటలు చేర్చుటయు కలదు: తన పేరు, వ్రాత ముగిసిన సంవత్సరము, మాసము, తిథి, తప్పులున్న మన్నింపుడను ప్రార్థన. ప్రాచీన కవి జీవితమును తెలియగోరువానికి ఇంతకు మించిన ప్రత్యక్షసాక్ష్యము సామాన్యముగా లభింపదు.

ఇందొక చిక్కు ఉన్నది. తాళపత్రగ్రంథమున అవతారిక మొదటి ఆకులందు ఉండును. లేఖకుని మాట తుది ఆకునందు ఉండును. కట్టలో ముందుగా ఒరిసి, విరిగి, పురుగు తిని, చెమ్మకు చెడి పోవునవి పైనున్న ఆకులును, అడుగున ఉన్న ఆకులును. నడిమి ఆకులు ఒకదానినొకటి కాపాడుకొనును. కావ్యశరీరము మిగిలి కవి చరిత్రము పోవుటకు ఇది ఒక ప్రధాన కారణము. ఆశ్వాసాంతగద్య ఆశ్వాస మాశ్వాసమునకు మరల వచ్చునది గనుక ఏదో ఒక ఆశ్వాసమున నిలుచును; అందుచేత పలువురు కవుల పేర్లైనను మనకు దక్కినవి. అవతారిక ఒకమారే వచ్చును. అది పోయిన కవి దేశము, కాలము, కృతిపతి ఆ ప్రతితో పోయినట్లే.

ఈ దృష్టితో, గ్రంథములు దొరకిన విధమును, వానివలన గ్రంథకర్తల చరిత్రములు తెలియవచ్చిన విధమును గోదావరీ మండలమును ఆధారముగా గొని పరిశీలించుట ఈ వ్యాసమున ఉద్దేశింపబడినది. ఈ మండలమును ఎన్నుకొనుటకు కారణము కలదు. తెలుగున ఆదికావ్యము రాజమహేంద్రవరమున పుట్టినది. తెలుగు కవుల చరిత్రములను సమకూర్పబూనిన వారిలో పలువురు ఏలూరు మొదలు కోనసీమ వఱకు గల ఈ నేలకు చెందినవారే. పరిశీలనమునకు వలసిన దృష్టాంతములు ఇచ్చట ఒకదాని వెంట ఒకటి లభించుచున్నవి.

1. గ్రంథమునకు శాసనము తోడైన చోటు

నన్నయభట్టు చరిత్రమునకు మూలము భారతావతారిక. తాను చాళుక్య రాజరాజనరేంద్రునకు కులబ్రాహ్మణుడననియు, అతని కోరికపై భారతమును తెలిగింపబూనితిననియు, ఈ కార్యమున నారాయణభట్టు తనకు తోడ్పడెననియు కవి స్వయముగా చెప్పుకొనెను. ఈ మాటలు కవి మాటలే గనుక నమ్మదగినవే. కాని కవి మాటను కవి మాటతోనే రుజువు చేయుట న్యాయము కాదు. వెలుపలి సాక్షి ఒకడు కావలెను.

ఆ సాక్షి నందంపూడి శాసనము. నందంపూడి అమలాపురమునకు చేరువనున్న గ్రామము. ఆ నాడు ఆ సీమకు రెండేరులనడిమి విషయమని పేరు. రాజరాజనరేంద్రుడు తన రాజ్యకాలమున 32వ సంవత్సరమున, అనగా క్రీ.శ. 1053 ప్రాంతమున, ఆ గ్రామమును నారాయణభట్టునకు దానము చేసెను. సంస్కృత కర్ణాట ప్రాకృత పైశాచికాంధ్ర భాషలందు కవిత్వము చెప్పగలవాడని ఆ శాసనము నారాయణభట్టును ప్రశంసించుచున్నది. శాసనమును రచించినవాడు నన్నయభట్టు. కావ్యమున సహాయుడుగా చెప్పబడిన వ్యక్తి శాసనమున ప్రతిగ్రహీతగా కనబడుచున్నాడు. కావ్యకర్త శాసనకర్తగా కనబడుచున్నాడు. కావ్యమున కృతిపతి ఇచ్చట దాత. మువ్వురును ఒకే రాగిరేకులపై కలసికొనిరి. తాటాకు చెప్పిన దానిని రాగి బలపఱచినది.

ఇట్టి సాక్ష్యము లేనిచోట ఏమి జరుగునో అదే నన్నయ విషయముననే చూడవచ్చును. భారతము అరణ్యపర్వమున ఆగినది. ఏల ఆగినదో కవి చెప్పలేదు, శాసనము చెప్పలేదు. ఆ ఖాళీలో కథలు పుట్టినవి. అథర్వణాచార్యుని భారతమును, భీమకవి రాఘవపాండవీయమును నన్నయ నశింపజేసెననియు, ఆ పాపఫలముగా భారతము పూర్తికాలేదనియు లోకము చెప్పుకొనెను. ఈ కథకు గ్రంథసాక్ష్యము కాని, శాసనసాక్ష్యము కాని లేదు. కాని ఒక విషయమును ఇది బోధించుచున్నది. కవి జీవితమున తెలియని భాగము శూన్యముగా ఉండిపోదు. సాక్ష్యము పూరింపనిచో దానిని కల్పన పూరించును. కల్పన ఒకమారు కూర్చున్న పిమ్మట దానిని లేపుట కష్టము.

2. ఒక పద్యము కాపాడిన రెండు గ్రంథముల పేర్లు

శ్రీనాథుడు రాజమహేంద్రవర రెడ్డిరాజుల ఆశ్రయమున ఉన్న కాలమున ఈ మండలమునకు రెండు మహాగ్రంథములు లభించినవి. దాక్షారామ భీమేశ్వరుని మాహాత్మ్యమును వర్ణించు భీమేశ్వరపురాణము బెండపూడి అన్నయమంత్రికి అంకితము. కాశీఖండము వీరభద్రారెడ్డికి అంకితము. శృంగారనైషధము మామిడి సింగనామాత్యునకు, హరవిలాసము అవచి తిప్పయసెట్టికి అంకితములు. ఈ కృతిపతులను వరుసగా నిలిపినచో కవి తిరిగిన రాజ్యములును, అతనిని ఆదరించిన మంత్రులును, వర్తకులును కనులకు కట్టుదురు. అంకితము కేవలము స్తుతి కాదు. అది కాలనిర్ణయమునకు పనికివచ్చు పత్రము.

ఇంతకంటెను విలువైన సాక్ష్యము కాశీఖండావతారికయందు కలదు. అందు కవి తన వయస్సు ననుసరించి తన కృతులను లెక్కించెను. బాల్యమున మరుత్తరాట్చరిత్రము, మీసము మొలచు ప్రాయమున శాలివాహనసప్తశతి, నిండుజవ్వనమున నైషధము, ప్రౌఢవయస్సున భీమేశ్వర మహిమ, వయస్సు వాలకముందే కాశీఖండము. ఇట్లు తన జీవితమును తన గ్రంథములతో కొలిచిన కవి ప్రాచీనులలో అరుదు.

ఈ పట్టికలో మొదటి రెండు గ్రంథములు మనకు లభింపలేదు. అవి ఉండెనని మనకు రూఢిగా తెలియుటకు ఆధారము ఈ పద్యమే. కాశీఖండపు మొదటి ఆకులు పోయి ఉన్నచో ఒక మహాకవి బాల్యయౌవనములలోని రచనలు ఉండెనన్న ఊహకే తావు లేకపోయెడిది. పోయిన గ్రంథమునకు సైతము మిగిలిన గ్రంథపు అవతారిక సాక్షి కాగలదని పరిశోధకులు గుర్తుంచుకొనవలెను.

శ్రీనాథుని అవసానదశను గూర్చిన సమాచారము మఱియొక తీరుది. కృష్ణాతీరమున బొడ్డుపల్లెను గుత్తకు తీసికొని, పంట నష్టపడి, పన్ను చెల్లింపలేక బాధలు పడి చనిపోయెనను కథ చాటుపద్యముల మూలమున వ్యాపించినది. చాటువు ప్రాచీనమే కావచ్చును, కవి చెప్పినదే కావచ్చును. వేటూరి ప్రభాకరశాస్త్రిగారి వంటి విద్వాంసులు చాటువులను సేకరించి ప్రకటించుటచే భాషకు మహోపకారము జరిగినది. కాని చాటువునకు అవతారిక లేదు, గద్య లేదు. ఎవరి నోటినుండి ఎవరి నోటికి వచ్చినదో చెప్పు ఆకు లేదు. ఫిరంగిపురపు శాసనమున కనబడు శ్రీనాథుడును, కాశీఖండావతారికలోని శ్రీనాథుడును, బొడ్డుపల్లె పద్యములలోని శ్రీనాథుడును ఒక్కడే అని తలచినను, మూడింటికి ఒకే తూకము వేయరాదు.

3. కథ నిలిచి కావ్యము పోయిన కవి

ఈ విచారమునకు వేములవాడ భీమకవి మఱియొక కొనయందు ఉన్నాడు. అతని పేర కథలు కోకొల్లలు. దాక్షారామ భీమేశ్వరుని వరప్రసాదమున జన్మించెననియు, తిట్టినను దీవించినను ఫలించు వాక్కు కలవాడనియు జనశ్రుతి. అతని జన్మస్థానము దాక్షారామ ప్రాంతపు వేములవాడయా, కరీంనగరు సీమలోని వేములవాడయా అని వాదములు జరిగినవి. కాలమును గూర్చి చెప్పబడిన అభిప్రాయములకు నడుమ శతాబ్దముల దూరము కలదు. కవిజనాశ్రయమను ఛందోగ్రంథము అతనిదని చిరకాలము చెప్పబడినది. కాని ఆ గ్రంథమున రేచన పేరు కనబడుటచే కర్తృత్వము వివాదమునకు లోనైనది.

ఇంత ప్రసిద్ధి గల కవికి నిర్వివాదముగా ఇది అతనిదే అని చెప్పదగిన సమగ్ర కావ్యము ఒక్కటియు లేదు. కథ ఉన్నది, కావ్యము లేదు. కావ్యము లేకపోవుటచేతనే కథ అడ్డు లేక పెరిగెనేమో అని తోచును. ఒక చిన్న అవతారిక లభించిన ఈ కథలలో సగము కరగిపోవును. తక్కిన సగమునకు పునాది ఏర్పడును.

4. కవిచరిత్రకారుల పరంపర

తెలుగు కవుల జీవితములను వరుసగా వ్రాయుట పందొమ్మిదవ శతాబ్దమున మొదలైనది. 1829లో రెండు గ్రంథములు వెలువడినవి. ఒకటి మదరాసున బ్రౌను దొర ప్రకటించిన వేమన పద్యముల సంపుటము. రెండవది కలకత్తాలో కావలి వెంకటరామస్వామి ఇంగ్లీషున ప్రకటించిన దక్కను కవుల జీవితసంగ్రహము. ఒకటి గ్రంథాన్వేషణము, రెండవది గ్రంథకర్తల అన్వేషణము. రెండును ఒకే ఏట వెలువడుట యాదృచ్ఛికమే అయినను, ఈ రెండు పనులును జంటగా నడువవలసినవని చెప్పుటకు మంచి గుర్తు.

కావలి సోదరులు ఏలూరివారు. పెద్దవాడైన బొఱ్ఱయ్య కర్నలు మెకంజీ కొలువున శాసనములను, కైఫీయతులను, గ్రంథములను సేకరించుచు హళెకన్నడ లిపిని చదువుటకు మార్గము కనిపెట్టి, 1803లో చిన్నవయస్సుననే మరణించెను. తమ్ముడు లక్ష్మయ్య ఆ పనిని కొనసాగించెను. రామస్వామి ఆ అనుభవముతో కవుల జీవితములను వ్రాసెను. మెకంజీ 1821లో గతించెను. అతని సేకరణలలో కొంత భాగమును, లేడెన్ సేకరణలును, మచిలీపట్టణమునను, రాజమహేంద్రవరమునను, కడపయందును ఉద్యోగము చేసిన బ్రౌను సేకరణలును చేరి మదరాసు ప్రాచ్యలిఖిత పుస్తకభాండాగారమునకు పునాదులైనవి. జూలూరి అప్పయ్య మొదలైన పండితులు బ్రౌనునకు పాఠములను పోల్చి, శుద్ధప్రతులను సిద్ధపఱచిరి. దొర పేరు ముందు కనబడుచున్నను ప్రతి పుటకు వెనుక పండితుని కన్ను ఉన్నది.

తెలుగున కవుల చరిత్రములు వ్రాసిన తొలివారిలో గురజాడ శ్రీరామమూర్తి ముఖ్యుడు. అతడు కవిజీవితములలో కవులను తెగలుగా విభజించి చెప్పెను. కందుకూరి వీరేశలింగము పంతులు (1848-1919) రాజమహేంద్రవరమున కూర్చుండి ఆంధ్రకవుల చరిత్రమున పూర్వకవులు, మధ్యకాలపు కవులు, ఆధునిక కవులు అని కాలము ననుసరించి వరుస ఏర్పఱచెను. ఈ భేదము సామాన్యమైనది కాదు. తెగ ననుసరించినపుడు కథ చాలును. కాలము ననుసరించినపుడు ప్రమాణము కావలెను. కృతిపతి ఏ రాజు, ఆ రాజు ఏ కాలమువాడు, ఏ కవిని ఏ కవి స్తుతించెను అను ప్రశ్నలు అప్పుడే తల ఎత్తును. అవతారికా పద్యమును చరిత్రకు సాక్ష్యముగా పరీక్షించు పద్ధతి పంతులుగారి వలన స్థిరపడినది. తరువాతి వారు ఆయన నిర్ణయములను పెక్కింటిని సవరించిరి. సవరించుటకును ఆ పద్ధతినే వాడిరి.

కోనసీమలోని ముక్తేశ్వరమునకు చెందిన జయంతి రామయ్యపంతులు 1911లో మదరాసున ఆంధ్రసాహిత్యపరిషత్తును స్థాపించుటకు ప్రధాన కారకుడు. పిదప ఆ పరిషత్తు కాకినాడకు తరలెను. తాళపత్రములను సేకరించుట, గ్రంథములను పరిష్కరించుట, పత్రికను నడపుట, పిఠాపుర సంస్థానాధీశుని పోషణతో సూర్యరాయాంధ్రనిఘంటువును సిద్ధపఱచుట దాని కృషి. కపిలేశ్వరపురమున చాగంటి శేషయ్య (1883-1956) ఆంధ్రకవితరంగిణిని పెక్కు సంపుటములుగా రచించెను. విశ్వవిద్యాలయాశ్రయము లేక, గోదావరి ఒడ్డున ఒక గ్రామమున కూర్చుండి, ప్రతి కవికిని లభించిన ఆధారముల నన్నిటిని చేర్చి, పూర్వుల అభిప్రాయములను తర్కించి వ్రాసిన గ్రంథమది. నేటికిని ఒక కవి కాలమును గూర్చి సందేహము కలిగిన పరిశోధకుడు మొదట చూచు గ్రంథములలో అది యొకటి.

5. గ్రంథము దొరకి కవి దొరకని సందర్భము

మానవల్లి రామకృష్ణకవి (1866-1957) తంజావూరి గ్రంథాలయమున లభించిన ప్రతి నాధారముగా గొని, 1909లో నన్నెచోడుని కుమారసంభవమున మొదటి భాగమును విస్మృతకవుల గ్రంథమాలలో ప్రకటించెను. అంతకుముందు కవిచరిత్రములలో నన్నెచోడునకు స్థానము లేదు. ఒక్క గ్రంథము అచ్చుపడుటతో ఒక మహాకవి పుట్టెను. కవి తాను చోడబల్లికిని శ్రీసతికిని కుమారుడననియు, టెంకణాదిత్య బిరుదము కలవాడననియు, ఒరయూరి కధిపతిననియు చెప్పుకొనెను. గురువైన జంగమ మల్లికార్జునయోగికి కృతి నిచ్చెను. జానుతెనుగు, వస్తుకవిత అను మాటలు ఈ గ్రంథమువలన విమర్శకుల వాడుకకు వచ్చినవి.

ఇందు అవతారిక సమగ్రముగనే ఉన్నది. అయినను కవి కాలము తేలలేదు. రామకృష్ణకవి అతనిని నన్నయకంటె పూర్వునిగా తలచెను. అతడు పన్నెండవ శతాబ్దమువాడనిరి కొందఱు, ఇంకను తరువాతివాడనిరి మఱికొందఱు. గ్రంథము ప్రాచీనమే కాదేమో అని శంకించినవారును లేకపోలేదు. చోడబల్లి, నన్నెచోడుడు అను పేర్లు తెలుగుచోడ వంశములలో ఒకరికి మించి ఉండుటయే చిక్కు. పేరున్నది, ఆ పేరు గలవారిలో ఎవడో తేల్చు శాసనము నందంపూడి శాసనమువలె దొరకలేదు. అవతారిక చాలునా అన్న ప్రశ్నకు ఇది సమాధానము: అది అవసరము, కాని ఒంటరిగా చాలదు.

ఇట్టి స్థితి తెలుగునకే ప్రత్యేకము కాదు. పోజో బ్రాచ్చియోలీనీ 1417లో లుక్రీషియసు కావ్యమును వెలికి తీసెను. గ్రంథము యూరపు ఆలోచనలను కదలించినది, కవి జీవితము మాత్రము నేటికిని కొద్ది వాక్యములకు మించలేదు. తమిళమున ఉ.వే. స్వామినాథయ్యరు 1887లో జీవకచింతామణిని ప్రకటించి, పిదప సంఘగ్రంథములను వెలికి తెచ్చెను. ఆయన గ్రంథములను మాత్రమే కాక, వానిని వెదకిన విధమును కూడ స్వీయచరిత్రమున వ్రాసి ఉంచుటచే తమిళులకు రెట్టింపు లాభము కలిగినది. మన వారిలో పలువురు గ్రంథములను ఇచ్చిరి కాని, ఏ ఇంట, ఎవరి వలన, ఎట్టి స్థితిలో అవి లభించెనో వివరముగా వ్రాయలేదు. నన్నెచోడుని గూర్చిన శంకలలో కొన్ని ఈ లోపమువలననే పుట్టినవని చెప్పవచ్చును.

6. అవతారికను తీసివేసిన సందర్భము

ఇంతవఱకు చెప్పినవి కాలము చేసిన నష్టములు. మనుష్యులు బుద్ధిపూర్వకముగా చేసిన నష్టము కూడ కలదు. పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరి మరాఠా ప్రభువు ప్రతాపసింహుని ఆస్థానమున ముద్దుపళని రాధికాసాంత్వనమును రచించెను. ఆమె వేశ్యాకులమున జనించిన విదుషి. అవ్వ తంజనాయకి మొదలుగా తన వారి విద్యను, తన పాండిత్యమునకు లభించిన గౌరవమును ఆమె అవతారికలో చెప్పుకొనెను.

ఈ కావ్యమును 1887లో పైడిపాటి వెంకటనరసు ప్రకటించినపుడు కొన్ని పద్యములను, వానితోపాటు అవతారికను సైతము విడిచిపెట్టెను. పద్యములను విడుచుటకు శృంగారము మితి మీరినదను కారణము చెప్పవచ్చును. అవతారికలో ఉన్నది కవయిత్రి వంశవిద్యాగౌరవములే. దానిని విడుచుటతో ఆమె ఎవరో పాఠకునకు తెలియకుండ పోయినది. చెదపురుగు చేయు పనిని అచ్చుయంత్రము చేసినది.

బెంగుళూరు నాగరత్నమ్మ (1878-1952) వేఱొక గ్రంథమున ఈ కావ్యప్రశంసను చూచి వెదకనారంభించెను. మొదట ఆమెకు ఈ అచ్చుప్రతి దొరకినది. తరువాత వ్రాతప్రతి దొరకినది. రెంటిని పోల్చి చూచినంతనే ఏమి తీసివేయబడెనో బయటపడినది. ఆమె గ్రంథమును సమగ్రముగా పరిష్కరించగా 1910లో వావిళ్ల వారు అచ్చువేసిరి. కవిచరిత్రమున వీరేశలింగము పంతులు ముద్దుపళని పాండిత్యమును అంగీకరించుచునే, స్త్రీ నోట రాదగని మాటలు వ్రాసెనని నిందించిరి. పురుషకవులు అంతకు మించి వ్రాసినపుడు లేని దోషము ఇచ్చట మాత్రమేల అని నాగరత్నమ్మ ప్రశ్నించెను. 1911లో ప్రభుత్వము గ్రంథమును నిషేధించి ప్రతులను స్వాధీనపఱచుకొనెను. టంగుటూరి ప్రకాశము పంతులు మదరాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్నపుడు, 1947లో, ఆ నిషేధము తొలగెను. 1952లో గ్రంథము మరల వెలువడినది.

రాజమహేంద్రవరమునకు ఈ వృత్తాంతమున రెండు పాత్రలు ఉన్నవి. నిందించిన కవిచరిత్రకారుడు ఆ నగరమువాడు. నిషేధమును తొలగించిన ప్రకాశము పంతులు ఒకప్పుడు ఆ నగర పురపాలక సంఘాధ్యక్షుడు. వీరేశలింగము పంతులు స్త్రీవిద్యకై జీవితమును ధారపోసినవారు. ఆయన సేవను ఎవరును కాదనలేరు. కాని కవిచరిత్రకారుడు కవి జీవితమునకు సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాడు. సాక్ష్యమును సేకరించుటకును, తీర్పు చెప్పుటకును నడుమ గీత ఉన్నది. ఆ గీతను అంతటి మహనీయుడును దాటెనన్న, తక్కినవారు ఎంత మెలకువతో ఉండవలెనో ఊహింపవచ్చును.

7. భీమవరపు పరిసరములు: సన్నిహితకాలపు సమస్యలు

ప్రాచీనులకు సాక్ష్యము తక్కువ. ఆధునికులకు సాక్ష్యము ఎక్కువ గనుక వారి చరిత్రము సులభమని తలచుట పొరపాటు. భీమవరమునకు చేరువ నున్న యండగండి దివాకర్ల తిరుపతిశాస్త్రి (1872-1920) జన్మస్థానము. కడియమున జన్మించిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రితో (1870-1950) కలసి అతడు చర్ల బ్రహ్మయ్యశాస్త్రి శుశ్రూష చేసి, అవధానములు సలిపి, తిరుపతి వేంకటకవులుగా ఆంధ్రదేశమున వెలుగొందెను. వారి చరిత్రమునకు ఆధారములు కొరవడలేదు. వేంకటశాస్త్రిగారి కథలు గాథలు అను సంపుటములే ఒక భాండాగారము.

అయినను ఇచ్చట విలక్షణమైన సమస్య కలదు. తిరుపతిశాస్త్రి గతించిన పిమ్మట కూడ వేంకటశాస్త్రి జంటపేరనే గ్రంథములను ప్రకటించెను. స్నేహధర్మమునకు ఇంతకంటె నిదర్శనము లేదు. చరిత్రకారునకు మాత్రము ముఖపత్రముపై ఉన్న పేరు నిజమగునా అన్న ప్రశ్న మిగులును. ఏ పద్యము ఎవరిదో విడదీయుట సాధ్యము కాదు, బహుశః వారు కోరనిది కూడ. కాని వారి జీవితకథలో మనము వినునది ప్రధానముగా ఒక కంఠమే. ముప్పది సంవత్సరములు అధికముగా జీవించిన మిత్రుని జ్ఞాపకముల వలననే తిరుపతిశాస్త్రి మనకు తెలియుచున్నాడు. యండగండి శాస్త్రిగారిని గూర్చి వేఱు ఆధారములు, ఉత్తరములు, శిష్యుల వ్రాతలు ఎక్కడెక్కడ ఉన్నవో వెదకుట ఈ ప్రాంతపు పరిశోధకులకు తగిన పని.

భీమవరముననే జన్మించిన అడవి బాపిరాజు (1895-1952) కవి, చిత్రకారుడు, నవలాకారుడు. రాజమహేంద్రవర కళాశాలాధ్యక్షుడు కూల్డ్రే దొర ప్రోత్సాహము అతని చిత్రకళకు దోహదమైనది. నారాయణరావు నవలకు వేయిపడగలతోపాటు ఆంధ్రవిశ్వవిద్యాలయ బహుమానము పంచబడినది. ఒకే వ్యక్తి మూడు కళలలో కృషి చేసినపుడు జీవితచరిత్రమునకు పుస్తకములు మాత్రమే చాలవు. చిత్రములు కూడ పత్రములే. గ్రంథాలయమును మాత్రమే వెదకువానికి బాపిరాజు మూడవ వంతు మాత్రమే దొరకును.

మఱియొక హెచ్చరిక మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశము నుండి గ్రహింపవచ్చును. నాయకుడు మొగల్తూరు నుండి బయలుదేఱి ఇంగ్లండు చేరును. గ్రంథకర్తయును విదేశమున చదివినవాడే. అంతమాత్రమున పార్వతీశము చేసిన పొరపాటులన్నియు శాస్త్రిగారి జీవితఘట్టములని చెప్పబూనిన హాస్యాస్పదమగును. అవతారికలో కవి చెప్పినది ప్రతిజ్ఞ. కథలో పాత్ర చెప్పినది కల్పన. ఈ భేదమును పాటింపక నవలలనుండి రచయితల జీవితములను ఏరుకొనుట, చాటువులనుండి శ్రీనాథుని జీవితమును ఏరుకొనుటకంటె మేలైన పద్ధతి కాదు.

8. చేయవలసిన పని

పై దృష్టాంతముల వలన కొన్ని విషయములు తేలుచున్నవి. మొదటిది: గ్రంథపరిష్కర్త ఏది విడిచినను అవతారికను, గద్యను, లేఖకుని మాటను విడువరాదు. పాఠ్యపుస్తకములకై కావ్యభాగములను ఏరునపుడు ఇవి సామాన్యముగా పోవుచున్నవి. పరిశోధక ప్రతులలోనైనను అట్లు జరుగరాదు. రెండవది: లేఖకుడు వ్రాసిన సంవత్సరనామమును తొందరపడి క్రీస్తుశకమునకు మార్చరాదు. అఱువది సంవత్సరములకు ఒకమారు అదే పేరు తిరిగి వచ్చును. తిథివారనక్షత్రములు కుదిరిన యేడే గ్రహింపదగినది. మూడవది: ప్రతి లభించిన ఇల్లు, గ్రామము, ఇచ్చిన వారి వంశము, కట్ట ఉన్న స్థితి నమోదు చేయవలెను. గ్రంథము దొరకిన కథయే ఒక్కొక్కప్పుడు గ్రంథమునకు రక్ష.

నాలుగవది ఈ మండలమునకు ప్రత్యేకమైనది. డెల్టా నేల తేమ నేల. వానలు, వరదలు, తుపానులు పరిపాటి. తాటాకునకును, కాగితమునకును ఇది అనుకూలమైన వాతావరణము కాదు. రాజమహేంద్రవరమున వడ్డాది సుబ్బారాయకవి, నాళము కృష్ణారావుల కృషితో ఏర్పడిన గ్రంథాలయములు 1920లో ఏకమై గౌతమీ గ్రంథాలయముగా నిలిచి పెక్కు గ్రంథములను కాపాడినవి. 2003లో భారతప్రభుత్వము వ్రాతప్రతుల పట్టికలు సిద్ధపఱచుటకు జాతీయ పథకమును ఆరంభించినది. కాని పట్టికకు ఎక్కునది గ్రంథాలయమునకు చేరిన ప్రతి మాత్రమే. ఇండ్ల అటకలపై ఉన్నది పట్టికలో లేదు.

తాటాకులకు పట్టిన గతియే నేడు అచ్చుపుస్తకములకు పట్టుచున్నది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున నరసాపురము, భీమవరము, ఏలూరు ప్రాంతముల ఇండ్లకు చేరిన చిన్న పుస్తకములు చౌకకాగితముపై అచ్చుపడినవి. వానిలో ముందుగా ఊడునది అట్టయును, ముఖపత్రమును, పీఠికయును. ప్రకటనవత్సరము, ముద్రాలయము, రచయిత ఊరు, అతని ఇతర గ్రంథముల జాబితా ఉండునవి ఆ పుటలే. ప్రతులను ఛాయాచిత్రములుగా తీయువారు చిరిగిన పుటలని వానిని విడిచిపెట్టుట కద్దు. బట్టబైండు చేయువారు అట్టను చించి పారవేయుట కద్దు. అట్లు చేసిన నాడు ఒక పండితుని, ఒక బడిపంతులును, ఒక గృహిణిని రచయితగా గుర్తించు ఆధారము పోవును.

కావున పరిశోధక విద్యార్థులు ఒక చిన్న పని చేపట్టవచ్చును. తమ తమ గ్రామములలో పాత పుస్తకమున్న ప్రతి ఇంటికి పోయి, గ్రంథమంతయు నకలు వ్రాయుటకు వీలు లేకున్నను, మొదటి రెండు పుటలను, తుది రెండు పుటలను వ్రాసికొనవలెను. ఛాయాచిత్రము తీయుట నేడు మఱింత సులభము. భీమవరము నడుమగా గొని చుట్టునున్న పది గ్రామములతో మొదలుపెట్టిన, ఒక సంవత్సరమున కొన్ని వందల ముఖపత్రములు సమకూడుట కష్టము కాదు. అవి అన్నియు గొప్ప గ్రంథములు కాకపోవచ్చును. మరుత్తరాట్చరిత్రము గొప్ప గ్రంథమో కాదో మనకు తెలియదు. అది ఒక బాలుడు వ్రాసినదనియు, ఆ బాలుడు శ్రీనాథుడనియు మాత్రము కాశీఖండపు మొదటి ఆకులు నిలుచుటవలన తెలిసినది.